రంగం నుంచి వచ్చిన నీటి విమానం ఫోటో: ఇది ఏ విమానమో గుర్తుపట్టగలరా?

కోరంగి_కుర్రాడు

అందరికీ నమస్కారమండీ. ఈ గుంపులో ఇదే నా మొదటి పోస్టు.

మా అమ్మమ్మగారి ట్రంకుపెట్టె సర్దుతుంటే ఈ ఫోటో బయటపడింది. వెనకాల పెన్సిలుతో "రంగం" అని ఒక్క మాట ఉంది, రంగూన్‌ని మన పెద్దవాళ్లు అలాగే పిలిచేవారు. తారీఖు లేదు, స్టూడియో ముద్ర లేదు. అమ్మమ్మ వాళ్ల నాన్నగారు రంగూన్ రేవులో మేస్త్రీ. 1920ల మొదట్లో వెళ్లారు, 1938లో తిరిగొచ్చేశారు. పాత నెగెటివ్ ఇస్తే 1970ల్లో కాకినాడలో ఒక స్టూడియో వాళ్లు వేసిచ్చిన కాపీ ఇది. నెగెటివ్ మా పెద్దమావయ్య ఇంట్లో ఉందంటారు.

అమ్మమ్మ ఎప్పుడూ ఒకటే చెప్పేది: "అది ప్రపంచం చుట్టి వచ్చిన గాలిమోటారు, మా నాన్న దాని పక్కన నిలబడ్డాడు" అని.

స్కాన్ సరిగ్గా రాలేదు కాబట్టి నాకు కనిపిస్తున్నది రాస్తున్నాను. పైనా కిందా రెండు రెక్కలు. చక్రాల బదులు రెండు పొడుగాటి ఫ్లోట్లు, నీళ్ల మీద ఉంది. ముక్కు కుడివైపుకి ఉంది. ముందు భాగంలో కిటికీలున్న చిన్న గది, దాని వెనకాల ఎత్తులో ఒక తల కనిపిస్తోంది, పైలట్ అనుకుంటా. ఒకాయన ఫ్లోటు మీద నిలబడ్డాడు. ఒడ్డున కొంతమంది ఉన్నారు, ఒకాయన గొడుగు విప్పి పట్టుకున్నాడు. ఆ గొడుగు విమానం ఒంటి మీది అక్షరాలను సగం కప్పేసింది. ముక్కువైపు ఉన్న రెండు మాత్రం చదవగలుగుతున్నాను: టీ, వీ.

ఇది ఏ విమానం, ఏ ఏడాదిది? చెప్పగలిగితే మా ఇంటిల్లిపాదికీ సంతోషం.

వేగుచుక్క

ప్రపంచం చుట్టిన విమానం, రంగూన్, ఫ్లోట్లు. ఈ మూడూ కలిస్తే నాకు వెంటనే తట్టేది 1924. ఆ ఏడాది అమెరికా సైన్యం వాళ్లు భూమి చుట్టూ తిరగడానికి డగ్లస్ వరల్డ్ క్రూజర్లు అనే విమానాలు నాలుగు పంపారు. సియాటిల్‌లో ఏప్రిల్‌లో బయలుదేరితే ఒకటి అలాస్కాలో కొండకు గుద్దుకుంది. మిగిలిన మూడూ జపాన్, చైనా తీరం, సయాం మీదుగా జూన్‌లో రంగూన్ వచ్చాయి. అప్పటికి అవి ఫ్లోట్ల మీదే ఉన్నాయి, కలకత్తా చేరాకే ఫ్లోట్లు తీసి చక్రాలు బిగించారు. మీ తాతగారు అప్పటికే రంగూన్‌లో ఉన్నారన్నమాట. మీ అమ్మమ్మగారి మాటకి అతికినట్టు సరిపోతోంది!

కృష్ణాతీరం

వేగుచుక్క గారూ, తొందరపడకండి. వరల్డ్ క్రూజర్‌కి గది ఎక్కడుంది? ఇద్దరూ ఒకరి వెనక ఒకరు బయట గాలికే కూర్చుంటారు. ఈ ఫోటోలో ముందు కిటికీల గది, వెనక పైలట్.

నా ఓటు ఇంగ్లండు పైలట్ అలన్ కాబమ్‌కి. 1926లో ఆయన డి హావిలాండ్ కంపెనీ డి.హెచ్.50జె విమానం మీద ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా వెళ్లి తిరిగొచ్చాడు. అదీ ఫ్లోట్ల మీదే, రంగూన్ మీదుగానే. డి.హెచ్.50లో ప్రయాణికుల గది ముందు, పైలట్ సీటు దాని వెనక, పైకప్పు లేకుండా. అచ్చం ఈ అమరికే. ఇంగ్లండు నుంచి వచ్చిన పెద్ద యాత్ర కాబట్టి ఇంట్లో "ప్రపంచం చుట్టిన" అని చెప్పుకోవడంలో వింత లేదు.

ఆ యాత్రలో ఒక దుఃఖం కూడా ఉంది. బాగ్దాద్ దాటి బస్రా వైపు వెళ్తుండగా కింద నుంచి ఎవరో కాల్చిన తూటా తగిలి ఆయన ఇంజనీరు ఆర్థర్ ఎలియట్ చనిపోయాడు. వాయుసేన సార్జెంటు వార్డ్‌ను తోడు తీసుకుని కాబమ్ ముందుకు సాగాడు. అక్టోబరు 1న లండన్‌లో థేమ్స్ నది మీద, పార్లమెంటు భవనం దగ్గర దిగాడు. ఆ విమానం ఫోటో మన తెలుగువాళ్ల ఇంట్లో దొరికిందంటే ఎంత గొప్ప సంగతి!

స్ట్రట్_సుబ్బు

కోరంగి తమ్ముడూ, ముందుగా ఒక పని చెయ్యి. ఇంట్లో వాళ్లు చెప్పింది కాసేపు పక్కన పెట్టి ఫోటో మాత్రమే చూడు. కథ ముందు వింటే కళ్లు ఆ కథనే వెతుక్కుంటాయి. ఇక్కడ జరుగుతున్నది అదే.

నాకు మూడు సంగతులు కావాలి.

ఒకటి, ముక్కు. ప్రొపెల్లర్ బొడ్డు ముక్కుకి పైభాగంలో ఉందా, నడిమధ్యలో ఉందా, కింద ఉందా? ముక్కు గుండ్రంగా చుట్టూ సిలిండర్లతో ఉందా, సన్నగా పొడుగ్గా ఉందా?

రెండు, రెక్కల మధ్య నిలువు కర్రలు, అంటే స్ట్రట్లు. ఒంటికి ఒక పక్కన ఉన్నవి మాత్రమే లెక్కపెట్టు. ఒక జతా, రెండు జతలా? ఒంటికి దగ్గర పైరెక్క నడుముని మోసే పొట్టి కర్రలు ఇందులోకి రావు.

మూడు, ఫ్లోటు మీద నిలబడ్డాయన తల పైరెక్కకు ఎంత దూరంలో ఉంది?

స్కాన్ మళ్లీ చెయ్యి. కనీసం 1200 డీపీఐ పెట్టు. "షార్ప్", "ఎన్‌హాన్స్" లాంటివన్నీ ఆపెయ్యి. ఫోన్‌తో తీసిన ఫోటోకి ఫోన్ తన సొంతంగా గీతలు కలిపేస్తుంది, అప్పుడు లేని స్ట్రట్లు కూడా పుట్టుకొస్తాయి.

డార్క్‌రూమ్

సుబ్బు గారు అడిగినవి వచ్చేలోపు నాదొక అనుమానం. ఈ ఫోటో తిరగబడి ఉంది.

ఎడమ చివర నిలబడ్డ ఆవిడను చూడండి. పమిట కుడి భుజం మీద ఉంది. మన వైపు ఆడవాళ్లకు పమిట ఎడమ భుజం మీద ఉంటుంది. గుజరాతీ కట్టు అయితే కుడివైపు రావచ్చు, అందుకని ఆ ఒక్కదాంతో తేల్చలేదు. ఫ్లోటు మీద నిలబడ్డాయన చొక్కా జేబు కూడా కుడివైపే ఉంది. గొడుగాయన కోటు గుండీలు ఆడవాళ్ల జాకెట్టు గుండీల్లా ఎదురుపక్కకి మూసుకున్నాయి. మూడూ ఒక్కసారి తారుమారు కావు. 1970ల్లో స్టూడియోలో నెగెటివ్‌ని ఎన్‌లార్జర్‌లో (ఫోటో పెద్దది చేసి అచ్చువేసే యంత్రంలో) వెనక్కి తిప్పి పెట్టి ఉంటారు. పాత నెగెటివ్‌ల నుంచి వేయించిన కాపీల్లో ఇది తరచుగా చూస్తుంటాను.

ఇప్పుడు ఆ అక్షరాల దగ్గరికి రండి. టీ అన్నా వీ అన్నా ఇంగ్లీషులో అద్దంలో చూసినా ఆకారం మారని అక్షరాలు. అందుకే తిరగబడ్డాయని ఎవరికీ తట్టలేదు. మారేది వరస ఒక్కటే. ఫోటో తిప్పితే ముక్కు ఎడమవైపుకి వస్తుంది, అక్షరాలు వీ, టీ అవుతాయి.

బేగంపేట_రన్‌వే

అరె, వీటీ అంటే మనదే కదా! ఇప్పటికీ మన విమానాల మీద అదే ఉంటది.

స్ట్రట్_సుబ్బు

డార్క్‌రూమ్ గారూ, చాలా మంచి పట్టు పట్టారు. విమానం ఏ దేశానిదో చెప్పే అక్షరాల్లో టీవీ అని మొదలయ్యే గుర్తు ఏదీ లేదు, అందుకే నాకూ మింగుడు పడలేదు.

ఆ రెండక్షరాలతోనే సగం చిక్కు విడిపోయింది. మన దేశానికి వీటీ గుర్తు వచ్చింది 1929లో. అంతకుముందు ఇక్కడి పౌర విమానాల మీద జీ తర్వాత ఐతో మొదలయ్యే అక్షరాలు ఉండేవి. బ్రిటిష్ సామ్రాజ్యమంతా అప్పట్లో జీ గొడుగు కిందే ఉండేది. 1929 నుంచి ఎవరి గుర్తు వాళ్లది: కెనడాకి సీఎఫ్, ఆస్ట్రేలియాకి వీహెచ్, సింగపూర్‌కి వీఆర్-ఎస్, సిలోన్‌కి వీపీ-సీ.

కాబట్టి 1924 నాటి వరల్డ్ క్రూజర్ మీద వీటీ ఉండే ప్రశ్నే లేదు. అవి అమెరికా సైన్యపు విమానాలు, ఒంటి మీద అంకెలు, భూగోళం బొమ్మ ఉండేవి. కాబమ్ విమానం మీద ఉన్నది జీ-ఈబీఎఫ్ఓ. అదీ పోయింది.

ఇక చివరి హద్దు. బర్మాను ఇండియా నుంచి వేరు చేసింది 1937 ఏప్రిల్ 1న. ఆ తర్వాత బర్మా విమానాలకు ఎక్స్‌వై అని కొత్త గుర్తు ఇచ్చారు. ఫోటో నిజంగా రంగూన్‌దే అయి, విమానం కూడా అక్కడిదే అయితే 1929కీ 1937కీ మధ్యలో తీసినదన్నమాట.

కృష్ణాతీరం

సుబ్బు గారూ, మీ లెక్క ఒప్పుకుంటాను కానీ ఒక్క అడ్డు. విమానం అక్కడిదే అని ఎలా చెప్తాం? 1937 తర్వాత కూడా కలకత్తా నుంచి వీటీ విమానం రంగూన్ వెళ్లి రావచ్చు కదా. అలాగే డి.హెచ్.50 విమానాలు 1930ల్లో కూడా ఎగురుతూనే ఉన్నాయి. వాటిలో ఒకటి మన దేశంలో వీటీ గుర్తుతో ఉండే అవకాశం లేదా?

స్ట్రట్_సుబ్బు

న్యాయమైన ప్రశ్న. అందుకే ముక్కు చూడమన్నాను. అక్షరాలు చెప్పేది కాలం, ముక్కు చెప్పేది జాతి.

కోరంగి_కుర్రాడు

కొత్త స్కాన్ పెట్టానండీ, డార్క్‌రూమ్ గారు చెప్పినట్టు తిప్పి. మీరడిగినవి:

ముక్కు సన్నగా పొడుగ్గా ఉంది. చుట్టూ సిలిండర్లు లేవు. పై అంచు శుభ్రంగా తిన్నగా ఉంది, ఏమీ పొడుచుకుని లేదు. ప్రొపెల్లర్ బొడ్డు బాగా పైకి ఉంది, దాని కింద ముక్కు లోతుగా దిగింది.

స్ట్రట్లు ఒక పక్కన ఒక్క జతే.

ఫ్లోటు మీద మనిషి తల పైరెక్క అడుగుకి దగ్గరగా ఉంది. చెయ్యి ఎత్తితే అందేటట్టు ఉంది.

స్ట్రట్_సుబ్బు

అయితే విను తమ్ముడూ. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ముక్కు కిటుకు తెలిస్తే ఆ కాలపు ఇంగ్లండు చిన్న విమానాల ఫోటోలు సగం నువ్వే గుర్తుపట్టగలవు.

1920ల చివర్లో డి హావిలాండ్ కంపెనీ జిప్సీ అని ఒక ఇంజను చేసింది. నాలుగు సిలిండర్లు వరసగా, నిలువుగా పైకి నిలబడి ఉంటాయి. పేరుమోసిన జిప్సీ మాత్ ముక్కు మీద అవి పైకి పొడుచుకుని కనిపిస్తాయి, పైలట్ వాటి మీదుగానే ముందుకు చూడాలి. తర్వాత అదే ఇంజన్ని తలకిందులు చేశారు: జిప్సీ త్రీ, ఆ పైన జిప్సీ మేజర్. సిలిండర్లు కిందికి వేలాడతాయి, వాటిని తిప్పే ఇరుసు పైకి వస్తుంది. కాబట్టి ప్రొపెల్లర్ బొడ్డు ముక్కు పైభాగానికి ఎక్కుతుంది, పై అంచు తిన్నగా అవుతుంది, కింద లోతు పెరుగుతుంది. నువ్వు రాసింది అక్షరం పొల్లు పోకుండా ఇదే. తలకిందుల జిప్సీ విమానాల మీద మామూలుగా కనబడటం మొదలైంది 1930లో పస్ మాత్ అనే విమానంతో.

కృష్ణాతీరం గారూ, కాబమ్ డి.హెచ్.50జె ముక్కున ఉన్నది ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ జాగ్వార్. పద్నాలుగు సిలిండర్లు రెండు వరసల్లో చుట్టూ విచ్చుకుని ఉంటాయి. ఎంత మసక ఫోటోలోనైనా అది దాగదు. ఇతర డి.హెచ్.50ల్లో వేరే ఇంజన్లున్నా వాటిలో తలకిందుల జిప్సీ లేదు, ఆ బరువుకి ఈ ఇంజను చాలదు కూడా. పైగా దాని రెక్కల పొడవు దాదాపు 43 అడుగులు, ఒక్కో పక్కన రెండు జతల స్ట్రట్లు. ఇక్కడున్నది ఒక్క జత.

వరల్డ్ క్రూజర్ ఇంకా పెద్దది. రెక్కలు 50 అడుగులు, ఫ్లోట్ల మీద నిలబడితే ఎత్తు 15 అడుగులు. ఫ్లోటు మీద నిలబడి చెయ్యి ఎత్తితే పైరెక్క అందే సమస్యే లేదు.

రెండు రెక్కలు, తలకిందుల జిప్సీ, ఒక్క జత స్ట్రట్లు, రెక్కల మధ్య మూసిన గది, దాని వెనక ఎత్తులో ఒంటరిగా పైలట్. ఈ అయిదూ కలిసిన విమానం నాకు తెలిసి ఒక్కటే: డి.హెచ్.83 ఫాక్స్ మాత్.

1932 జనవరిలో మొదటిసారి ఎగిరింది. రూపకర్త ఆర్థర్ హాగ్. తక్కువ ఖర్చులో నలుగురిని మోసే విమానం కావాలన్నది ఆయన పట్టుదల. అందుకని రెక్కలు, తోక లాంటివి టైగర్ మాత్ నుంచే తీసుకుని, ఒంటిని మాత్రం ప్లైవుడ్‌తో కొత్తగా కట్టాడు. 120, 130 గుర్రాల బలం ఉన్న ఇంజనుతో ముగ్గురు, దగ్గరి దూరమైతే నలుగురు ప్రయాణికులను మోసేది. గదిలోంచి పైలట్‌తో మాట్లాడటానికి మధ్య గోడలో చిన్న కిటికీ ఉండేది. ఇంగ్లండులో 98 తయారయ్యాయి. 1933లో ఎవరెస్టు మీదుగా ఎగరడానికి బీహార్‌లోని పూర్ణియా వచ్చిన ఇంగ్లండు బృందం వెంట కూడా ఒక ఫాక్స్ మాత్ ఉంది.

మీ తాతగారి ఫోటోకి కింది హద్దు ఇప్పుడు 1929 నుంచి 1932కి జరిగింది.

వేగుచుక్క

ఒప్పుకున్నాను సుబ్బు గారూ, ముక్కు గురించి ఇంత వివరం ఎక్కడా చదవలేదు. అయితే రంగూన్‌లో ఫాక్స్ మాత్‌కి ఫ్లోట్లు ఎందుకు? మన టాటా వాళ్ల ఫాక్స్ మాత్ చక్రాల మీదే కదా తిరిగింది.

విశాఖ_రేవు

దీనికి నేను చెప్పగలను. మా వాళ్లూ రంగం వెళ్లినవాళ్లే, ఆ కంపెనీ పేరు మా ఇంట్లో వింటూ పెరిగాను.

ఐరావతి నది మీద స్టీమర్లు నడిపిన ఐరావడీ ఫ్లోటిల్లా కంపెనీ గురించి వినే ఉంటారు. స్కాట్లండు వాళ్లది. 1920ల్లో వాళ్లకి ఆరువందలకు పైగా స్టీమర్లు, బార్జీలు, పడవలు ఉండేవి. ఏడాదికి తొంభై లక్షల దాకా జనాన్ని మోసేవి. ఆ కంపెనీయే 1934లో ఐరావడీ ఫ్లోటిల్లా అండ్ ఎయిర్‌వేస్ అని విమానాల శాఖ పెట్టింది. ఫాక్స్ మాత్‌లతోనే మొదలుపెట్టారు. రంగూన్ నుంచి చమురు బావులున్న ఎనన్‌జావ్ మీదుగా మాండలే దాకా ఒక దారి, దక్షిణాన టవాయ్‌కి ఇంకో దారి.

బర్మాలో ఊళ్లన్నీ నది ఒడ్డునే. విమానం దిగడానికి చదును చేసిన నేల దొరకదు, వానాకాలంలో దొరికినా బురద. నది మాత్రం అన్ని ఊళ్లకీ ఉంది, కంపెనీకి ప్రతి ఊళ్లో రేవు, గుమాస్తా, పడవ, కూలీలు ముందే ఉన్నారు. విమానానికి ఫ్లోట్లు కడితే ఆ రేవులే విమానాశ్రయాలు. స్టీమర్ మీద రోజుల తరబడి పట్టే ప్రయాణం గంటల్లో తేలిపోయేది. ఆ తర్వాత వాళ్లే షార్ట్ సయన్ అనే రెండింజన్ల విమానాలు కూడా ఫ్లోట్ల మీద నడిపారు. కానీ దానికి ఒకటే రెక్క, ఆ రెక్క గది పైన ఉంటుంది. ఈ ఫోటోలోది అది కాదు.

మీ తాతగారు రేవులో మేస్త్రీ అన్నారు. రంగూన్ రేవు పని నడిపించింది ఎక్కువగా మన తెలుగువాళ్లే. 1930 మేలో అక్కడ అల్లర్లు చెలరేగినప్పుడు దెబ్బతిన్నది కూడా ఆ తెలుగు రేవు కూలీలే. సమ్మె చేశారని వాళ్ల స్థానంలో బర్మా వాళ్లను తీసుకోవడం, సమ్మె తేలాక మళ్లీ వాళ్లను తీసెయ్యడం దగ్గర గొడవ రాజుకుంది. అంత జరిగినా మీ తాతగారు అక్కడే నిలదొక్కుకుని, నాలుగైదేళ్లకి ఆ విమానం పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారంటే నా మనసు నిండిపోయింది తమ్ముడూ.

కోరంగి_కుర్రాడు

విశాఖ_రేవు గారూ, ఇది అమ్మకి చదివి వినిపించాను. 1930 గొడవల్లో తాతగారు కొన్నాళ్లు ఎవరి ఇంట్లోనో దాక్కున్నారని అమ్మ అంటోంది. అంతకుమించి ఇంట్లో ఎవరికీ తెలియదు.

అయితే అమ్మమ్మ చెప్పిన "ప్రపంచం చుట్టిన విమానం" మాట తప్పేనాండీ? అమ్మకి అదొక్కటే బాధగా ఉంది.

వేగుచుక్క

తప్పని ఎందుకు అనుకోవాలి? 1924 జూన్‌లో వరల్డ్ క్రూజర్లు నిజంగానే రంగూన్ నదిలో దిగాయి. మీ తాతగారు అప్పుడు ఆ రేవులోనే పనిచేస్తున్నారు. అంత పెద్ద సంగతి ఊరంతా చూసి ఉంటుంది, ఆయనా చూసి ఉండవచ్చు. పదేళ్ల తర్వాత ఇంకో నీటి విమానం పక్కన ఫోటో తీయించుకుని ఉంటారు. పిల్లలకు రెండూ చెప్పి ఉంటారు. ఇంట్లో మిగిలింది ఒక్క ఫోటోయే కాబట్టి రెండు జ్ఞాపకాలూ దాని మీదకే చేరాయి. అమ్మమ్మగారి మాటను కూడా తారీఖు వేసి రాసి పెట్టుకోండి, ఫోటోతో పాటు దాన్ని కూడా దాచాలి.

బేగంపేట_రన్‌వే

సుబ్బన్నా, సందట్ల సందు నాదొకటి. బళ్లారిల తీసిన ఫోటో నా దగ్గరున్నది. కింద "టాటా మొదటి టపా విమానం, పస్ మాత్, 1932" అని టైపు చేసి ఉన్నది. పైన ఒకటే రెక్క, మూసిన గది, ముక్కు నువ్వు చెప్పినట్టే తలకిందుల జిప్సీ. మరి కరెక్టేనా?

స్ట్రట్_సుబ్బు

ముక్కుతో ఇక్కడ పని జరగదు, ఎందుకంటే ఆ కోవలో రెండున్నాయి. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చింది పస్ మాత్ మీదే, దాని గుర్తు వీటీ-ఏడీఎన్. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ అనే పైలట్ బళ్లారి మీదుగా మద్రాసు తీసుకెళ్లాడు. కాబట్టి నీ ఫోటో కింద రాసిన కథ నిజం కథే. ఫోటోలో ఉన్నది ఆ కథలోని విమానమేనా అన్నది వేరే ప్రశ్న.

చక్రం కాలు చూడు. చక్రం నుంచి పైకి వెళ్లే లావు కాలు గది కిటికీ పక్కనుంచి రెక్క మొదలు దాకా ఎక్కితే పస్ మాత్. అదే కాలు ముందుకి వాలి ఇంజను వెనక గోడ దగ్గర అతుక్కుంటే లెపర్డ్ మాత్. తలుపు దగ్గర అడ్డం లేకుండా చెయ్యడానికి అలా మార్చారు. లెపర్డ్ మాత్ మొదటిసారి ఎగిరింది 1933 మేలో. అది గనక అయితే కింద టైపు చేసిన ఏడాది చెల్లదు.

బేగంపేట_రన్‌వే

కాలు ముందుకే వాలి ఉన్నదన్నా. ఇంజను వెనకకే పోతున్నది.

స్ట్రట్_సుబ్బు

అయితే లెపర్డ్ మాత్. ఆ టైపు చేసిన కాగితం చింపకు, అదీ చరిత్రే. దాని పక్కన ఇంకో చీటీ పెట్టు.

నిర్వాహకులు

బళ్లారి ఫోటోకి వేరే చర్చ తెరవగలరు. ఆ దారి మీద, తర్వాత బళ్లారి బదులు హైదరాబాదు మీదుగా నడిచిన టపా మీద మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడ రంగూన్ ఫోటో గురించి మాత్రమే కొనసాగిద్దాం.

కొత్తగాలి

ఫోటో చాలా బాగుంది! నేను ఒక యాప్‌లో వేసి రంగులద్దాను. ఒళ్లు నలుపు, తోక మీద తెలుపు వచ్చింది. పెట్టనా?

డార్క్‌రూమ్

దయచేసి ఈ చర్చలో పెట్టకండి. ఆ రంగులు యాప్ ఊహించినవి. పది మంది పంచుకున్నాక అవే నిజమని స్థిరపడిపోతాయి, రేపు ఇంకొకరు "ఐరావడీ విమానాలు నల్లవి" అని రాస్తారు.

అసలు చిక్కు ఫిల్ముదే. ఆ రోజుల్లో మామూలు జనం వాడిన రోల్ ఫిల్ము ఎక్కువగా ఆర్థోక్రోమాటిక్. దానికి ఎరుపు కనిపించదు. ఎరుపు వేసిన చోటు ప్రింటులో నల్లగా పడుతుంది, నీలం తెల్లబోతుంది, పసుపు కూడా చాలాసార్లు ముదురుగా వస్తుంది. బ్రిటిష్ వాయుసేన విమానాల గుండ్రటి గుర్తులో నడిమి ఎర్ర చుక్క నల్లగానూ బయటి నీలి వలయం లేతగానూ కనబడే ఫోటోలు మీరు చూసే ఉంటారు, కారణం ఇదే. కాబట్టి ఈ ఫాక్స్ మాత్ ఒళ్లు ముదురుగా ఉందంటే అది ఎరుపు కావచ్చు, పసుపు కావచ్చు, నలుపూ కావచ్చు. అన్ని రంగులూ పట్టే పాన్‌క్రోమాటిక్ ఫిల్ము అయితే లెక్క మళ్లీ మారుతుంది. నెగెటివ్ అంచున ఫిల్ము పేరు అచ్చయి ఉంటే చెప్పవచ్చు.

కొత్తగాలి

అర్థమైందండీ. పెట్టను.

కృష్ణాతీరం

నెగెటివ్ అంటే గుర్తొచ్చింది. మిగతా మూడక్షరాల సంగతి తేలితే ఏ విమానమో పేరు పెట్టి చెప్పొచ్చు. ఆ కాలపు వీటీ జాబితాలో ఒక్కో గుర్తుకీ విమానం, యజమాని దొరుకుతారు. గొడుగు ఒంటి మీది అక్షరాలను కప్పింది కానీ గుర్తు ఒంటి మీద ఒక్కచోటే ఉండదు కదా. పైరెక్క మీద, కిందిరెక్క అడుగున కూడా పెద్ద అక్షరాల్లో రాసేవాళ్లు. కెమెరా ఒడ్డు మీద కొంచెం ఎత్తులో ఉన్నట్టుంది. ముందున్న కిందిరెక్క అడుగు కనబడదు. కానీ నీళ్లలో నీడ?

స్ట్రట్_సుబ్బు

కృష్ణాతీరం గారూ, అద్భుతం! నిజమే, రెక్క కింద నీళ్లు నిలకడగా ఉన్నట్టున్నాయి. ప్రింటులో అక్కడ బూడిదరంగు ముద్దగా ఉంది, నెగెటివ్‌లో మాత్రం ఇంకా వివరం మిగిలి ఉండవచ్చు. స్టూడియో వాళ్లు ప్రింటు వేసేటప్పుడు మనుషుల ముఖాలు బాగా రావాలని చూస్తారు, నీళ్ల గురించి ఎవరు పట్టించుకుంటారు?

తమ్ముడూ, నీటిలో ప్రతిబింబం తలకిందులుగా ఉంటుంది, అది గుర్తుంచుకుని చదవాలి. మూడింటిలో ఒక్క అక్షరం దొరికినా ఆ కంపెనీ ఫాక్స్ మాత్‌లలో ఏదో తేల్చడానికి సరిపోవచ్చు.

కోరంగి_కుర్రాడు

పెద్దమావయ్యతో మాట్లాడానండీ. నెగెటివ్ ఉంది, బిస్కెట్ల డబ్బాలో పాలిథిన్ కవర్లో పెట్టారట. అరచేతిలో సగం ఉంటుందట, ఫిల్మే, గాజు కాదు. అంచుల్లో కొంచెం పసుపుపచ్చగా మారి వంకర తిరిగిందని చెప్పారు. ఆదివారం కాకినాడ వెళ్తున్నాను. ఎలా పట్టుకురావాలి?

డార్క్‌రూమ్

పసుపురంగు, వంకర తిరగడం వింటే అది నైట్రేట్ ఫిల్ము అయి ఉండవచ్చు. ఆ కాలపు రోల్ ఫిల్ములు చాలావరకు అవే. నైట్రేట్ సులభంగా అంటుకుంటుంది, ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. కంగారు పడనక్కర్లేదు, ఒక్క ముక్కతో జాగ్రత్తగా ఉంటే చాలు.

ముందు పాలిథిన్‌లోంచి తీయించండి. అందులో ఫిల్ము వదిలే ఆవిరి బయటికి పోక దాన్నే తినేస్తుంది. యాసిడ్ లేని కాగితం కవర్ దొరికితే మంచిది, దొరక్కపోతే శుభ్రమైన తెల్ల కాగితం మడతలో పెట్టండి. అంచులు పట్టుకోవాలి, మధ్యలో వేలు ఆననివ్వకండి. వంకర తిరిగింది కదా అని పుస్తకాల కింద పెట్టి అదమకండి, విరిగిపోతుంది. తడిగుడ్డతో తుడవకండి. కారు డాష్‌బోర్డు మీద, ఎండలో అస్సలు వద్దు. ప్రయాణం పొద్దున్నే పెట్టుకోండి.

వేడెక్కే పాత బల్బు లైట్‌బాక్సుల జోలికి పోకండి. చల్లగా వెలిగే ఎల్‌ఈడీ పలక మీద ఉంచి, మంచి కెమెరాకి మాక్రో లెన్సు పెట్టి స్టాండు మీద నుంచి తీస్తే స్కానర్ కన్నా బాగా వస్తుంది. మూడు నాలుగు వెలుగు స్థాయిల్లో తీయండి. నీళ్ల దగ్గర వివరం నెగెటివ్‌లో ఎక్కడ దాగుందో ముందే చెప్పలేం, ఒకదాంట్లో పోయింది ఇంకోదాంట్లో దొరుకుతుంది. మసకగా ఉన్న వైపు ఏదో, మెరిసే వైపు ఏదో చూసి రాసుకోండి, ఈసారి తిరగబడకూడదు.

విశాఖ_రేవు

కాకినాడలో ఎల్‌ఈడీ పలక, మాక్రో లెన్సు ఉన్న కుర్రాడు నాకు తెలిసినవాడు ఉన్నాడు. నీకు విడిగా మెసేజ్ పెడతాను తమ్ముడూ. 1942లో కంపెనీ స్టీమర్లను జపాన్ వాళ్ల చేతికి చిక్కకుండా వాళ్లే వందల కొద్దీ ముంచేసుకున్నారు. ఆ కంపెనీ గుర్తుగా మిగిలిన ప్రతి కాగితమూ విలువైనదే. ప్రయాణం ఖర్చు గురించి ఆలోచించకు.

కోరంగి_కుర్రాడు

అందరికీ ధన్యవాదాలండీ. ఆదివారం రాత్రికి నీళ్లున్న భాగం అన్ని వెలుగుల్లోనూ ఇక్కడే పెడతాను. నెగెటివ్ అంచున ఏదైనా అచ్చయి ఉంటే అదీ రాస్తాను.